హ్యాండిల్ లేని ఏడో తలుపు

తప్పుల జాబితాలో నలభై ఒకటో వరస దగ్గర ఆమె చూపు పొద్దున్నుంచీ మేకు కొట్టినట్టు ఆగిపోయింది. "రెండో భాగం, మూడో అంతస్తు, ఏడో తలుపు. హ్యాండిల్ లేదు. పెట్టాలి."

పది నిమిషాల పని. డిటెక్టివ్ వీడియో గేములు తయారుచేసే ఆ ఆఫీసులో పదకొండేళ్లుగా ఆమె గోడలూ తలుపులూ కిటికీలూ గీస్తోంది. ఇప్పుడు పాత ఆటలకే రంగులద్ది మళ్లీ విడుదల చేస్తున్నారు. ఆరేళ్ల కిందట ఏడో తలుపు గీసింది తనే. హ్యాండిల్ పెట్టకుండా వదిలేసిందీ తనే. ఆ సంగతి ఇంకెవరికీ తెలీదు.

లోకం దాన్ని పొరపాటనుకోలేదు. ఆ ఆటల అభిమానులది ఒకటే మాట: ఇందులో ఏదీ ఊరికే ఉండదు. గోడ మీద సున్నం రాలినా దానికో అర్థం లాగుతారు. ఇంటర్నెట్ ఫోరంలో 'గుడ్లగూబ' పేరుతో రాసే ఒకతను ఆ తలుపు మీద పెద్ద సిద్ధాంతమే కట్టాడు. ఆటలో చనిపోయిందని చెప్పిన డిటెక్టివ్ తల్లి నిజానికి చనిపోలేదట. ఆ గదిలోనే ఉందట. తలుపు లోపల్నుంచే తెరుచుకుంటుంది గనక బయట హ్యాండిల్ లేదట. ఏదో ఒక భాగంలో ఆమె తనంతట తనే బయటికొస్తుందట. నాలుగు వేలమంది నమ్మారు.

ఆ గుడ్లగూబ ఆమె తమ్ముడు.

మధ్యాహ్నం టీమ్ లీడ్ దగ్గరికెళ్లింది. ఆఫీసంతా అతన్ని మేస్త్రి అంటారు.

"నలభై ఒకటి అలాగే వదిలేద్దామండీ. ఆ తలుపంటే జనానికి ఇష్టం."

"ఇష్టమైతే ఫ్రేము కట్టించుకోమను తల్లీ," అన్నాడు మేస్త్రి తెర మీంచి కళ్లు తిప్పకుండా. "ఈసారి ఆ తలుపు తెరుచుకుంటుంది. ఆడేవాడు దేన్ని పట్టుకుని తెరవాలి, దాని ముక్కునా?"

"లోపల ఏముంటుంది?"

"చీపుళ్లు. రెండు బకెట్లు. సామాన్ల గది అది."

"కనీసం గది ఖాళీగా ఉంచుదాం."

"నీకేమయిందివాళ? బకెట్లు కూడా నువ్వే గీయాలి. సాయంత్రానికి పంపించెయ్."

పంపించేసింది. ఇత్తడి హ్యాండిలు. జనం చేతులు తగిలి తగిలి అరిగినట్టు అంచున మెరుపు కూడా పెట్టింది, అలవాటు కొద్దీ.

బస్సులో కిటికీకి తలానించి తమ్ముడి గురించే ఆలోచించింది. ఆరేళ్లుగా వాడు గడప దాటలేదు. మనుషులతో మాట్లాడేది ఆ ఫోరంలోనే. వచ్చే నెల ఆట విడుదలవుతుంది. నాలుగు వేలమంది తలుపు తీసి బకెట్లు చూసి పగలబడి నవ్వుతారు. వాడికి పట్టుకోవడానికి ఇంకేం మిగులుతుంది? ఆ నవ్వు వినకముందే తన నోటితో చెప్పేయాలి. అదొక్కటే తోచింది.

ఆరేళ్ల కిందట అమ్మ బాత్రూంలో పడిపోయింది. గడియ లోపల వేసి ఉంది. వాడు పక్క గదిలోనే హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆట ఆడుకుంటున్నాడు. మూడు గంటల తర్వాత వాకిట్లోకి నీళ్లు రావడం చూసి పక్కింటావిడ, ఆమె భర్త వచ్చి తలుపు విరగ్గొట్టారు. వాణ్ణి దగ్గరికి రానివ్వలేదు. ఆ రాత్రి ఆసుపత్రి నుంచి వచ్చి తమ్ముడితో ఆమె ఒకటే చెప్పింది: "పడగానే పోయిందిరా. నువ్వు విన్నా లాభం లేకపోయేది." డాక్టరు చెప్పింది వేరు. కాస్త ముందు తెచ్చుంటే, అన్నాడాయన.

అప్పట్నుంచీ వాడు శబ్దం పూర్తిగా ఆపేసే ఆడతాడు. ఇంట్లో ఏ అలికిడైనా వినపడాలి. ఆమె స్నానానికెళ్తే రెండు నిమిషాలకోసారి బయట్నుంచి "అక్కా" అంటాడు. ఆమె "ఉన్నాను" అనాలి. తలకి సబ్బు పట్టించుకుంటూ, పళ్లు తోముకుంటూ నురగ నోటితో ఎన్ని వేలసార్లు అనుంటుందో. విసుక్కున్న రోజులూ ఉన్నాయి.

ఇల్లు చేరేసరికి వాడు వంటింటి బల్ల దగ్గర కాగితాలు పరుచుకుని కూర్చున్నాడు.

"మొహం అలా ఉందేంటి? మేస్త్రి గోడ కట్టించాడా?"

"ఒరేయ్, నీకో మాట చెప్పాలి. ఆ ఏడో తలుపు గీసింది నేను."

వాడి చేతిలో పెన్ను ఆగింది. "నువ్వా? ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"దానికి అర్థం లేదురా. నేను పూర్తిచెయ్యలేదు, అంతే. హ్యాండిల్ గీయబోతుంటే పక్కింటావిడ ఫోన్ చేసింది. కుర్చీ కూడా వెనక్కి జరపకుండా లేచి పరిగెత్తాను. తర్వాత పది రోజులు ఆఫీసుకెళ్లలేదు కదా. ఈలోగా ఎవరూ చూసుకోకుండా ఆట బయటికెళ్లిపోయింది. ఇవాళ పెట్టేశాను. లోపల చీపుళ్లు, బకెట్లు."

వాడు నవ్వుతాడేమో, అరుస్తాడేమో అని చూసింది. వాడు కాగితాలన్నీ దగ్గరికి తీసి అంచులు సరిచేశాడు. ఆధారాలు చూసుకునేటప్పుడు వాడి కళ్లు కాస్త చిన్నవవుతాయి. ఇప్పుడూ అయ్యాయి.

"ఆవిడ ఫోన్లో ఏమంది?"

"గుర్తులేదు. త్వరగా రమ్మంది."

"త్వరగా," అన్నాడు వాడు. "హ్యాండిల్ గీయడానికి ఎంతసేపు పడుతుంది?"

"పది నిమిషాలు."

"పది నిమిషాలు ఆగలేకపోయావు." వాడి గొంతులో కోపం లేదు. అదే ఆమెని భయపెట్టింది. "పోయినవాళ్ల కోసం అలా పరిగెత్తరక్కా. కూలబడిపోతారు. బతికున్నవాళ్ల కోసం పరిగెత్తుతారు."

ఆమె బల్ల అంచు పట్టుకుంది. ఆరేళ్లు కాపాడిన అబద్ధాన్ని, వాణ్ణి కాపాడదామని చెప్పిన నిజమే పట్టిచ్చేసింది.

"ఊపిరుందా?" అన్నాడు.

ఇప్పుడైనా లేదనొచ్చు. నోరు తెరిచింది. మాట రాలేదు. రాకపోవడమే వాడికి చాలు.

"ఎంతసేపు?"

"ఆసుపత్రికి చేర్చాక రెండు గంటలు."

వాడు తలూపాడు, లెక్క సరిపోయినవాడిలా. "తలుపు వెనక బతికే ఉందన్నానా లేదా," అన్నాడు మెల్లగా. "నమ్మనివాళ్లంతా నన్ను పిచ్చోడన్నారు."

ఆమె అక్కడ నిలబడలేక బాత్రూంలోకెళ్లి గడియ వేసుకుంది. కుళాయి తిప్పింది. మొహం కడుక్కుంది. కుళాయి కట్టేసి నిలబడింది. రెండు నిమిషాలు దాటాయి. పిలుపు రాలేదు. నాలుగు నిమిషాలయ్యాయి. ఆరేళ్లలో మొదటిసారి ఆ పిలుపు కోసం ఆమె చెవులు రిక్కించింది. వీధిలో ఏదో బండి వెళ్లింది, అంతే.

"ఉన్నాను," అంది, ఎవరూ అడక్కుండానే.

తలుపుకి చెవి ఆనించింది.

చెయ్యి గడియ మీదికెళ్లింది గానీ తియ్యడానికి ధైర్యం చాల్లేదు. తీస్తే ఏం కనబడుతుందో.

"తమ్ముడూ," అని పిలిచింది. గొంతు తనకే కొత్తగా ఉంది. మళ్లీ పిలిచింది. మూడోసారి గట్టిగా పిలిచింది.

చాలాసేపటికి తలుపు కింద సందులోంచి, నేలకి తలానించి ఎవరో అన్నట్టుగా వినిపించింది.

"ఉన్నాను."