అందరికీ ఒకటే ముడి

పెద్ద బట్టల దుకాణంలో, కింది అంతస్తులో మెట్ల పక్కన టైల కౌంటరు. అక్కడ నిలబడే పెద్దాయన్ని అందరూ టై మాస్టారు అంటారు. టై ఎవరైనా అమ్ముతారు, దానికి ముడి ఎంచడం మాత్రం ఆయన పని. మనిషి ఇంకా గుమ్మంలో ఉండగానే దవడ, మెడ, కాలరు, నడక చూసి లెక్క తేల్చేసేవారు. కోలమొహం, సన్నమెడ అయితే రెండు వైపులా చుట్టి కట్టే పెద్ద ముడి. భుజాల్లో కూరుకుపోయిన మెడ అయితే ఒక్క చుట్టుతో చిన్న ముడి. వసపిట్టలా వాగేవాడికి కాస్త వదులుగా, నోట్లో నాలుక లేనివాడికి కాస్త బిగువుగా. "ముడి మనిషికి నప్పాలి గానీ మనిషి ముడికి కాదు" అంటూ దొరికినవాడికల్లా క్లాసు పీకేవారు. టై కొనకుండానే పారిపోయినవాళ్ళూ లేకపోలేదు.

ఇదంతా నిరుటి మాట. ఈ ఏడు ఆయన కుడిచేతి వేళ్ళు వణకడం మొదలుపెట్టాయి. ఇది పెరిగేదే గానీ తగ్గేది కాదని డాక్టరు తేల్చి చెప్పాడు. ఈ సంగతి భార్యకు తప్ప ఎవరికీ తెలియదు. తెలిస్తే కౌంటరు పోతుంది, కౌంటరు పోయాక తానెవరో ఆయనకే తెలియదు. మణికట్టును బల్ల అంచుకి ఆనిస్తే చిన్న ముడి మాత్రం ఎలాగో పడుతోంది. అందుకని ఇప్పుడు ఎవరొచ్చినా చిన్న ముడే. "మీ తీరుకి ఇదే నప్పుతుంది" అంటారు. ఆడలేనివాడు మద్దెల ఓడు అంటాడు. మాస్టారు ఆ ఓటితనాన్ని జనం మెడలకి చుట్టారు.

ఒక మధ్యాహ్నం, యాభై దాటిన బక్కపలచటి మనిషి ఒకాయన వచ్చి నవ్వాడు.

"గుర్తున్నానా మాస్టారూ? నా మొదటి ఇంటర్వ్యూకి మీరే కట్టారు. పెద్ద ముడి వేసి, ఈ కొంగమెడకి ఇదే ఆసరా అన్నారు. ఉద్యోగం వచ్చింది."

"సంతోషం బాబూ."

"ఆ కంపెనీ మూసేశారు. ఈ వయసులో రేపు మళ్ళీ ఇంటర్వ్యూ. అదే కట్టి పెట్టండి."

పక్కన చొక్కాలు అమ్మే మనిషికి పెద్ద ముడి వచ్చు, నేర్పింది తానే. ఒక్క కేక వేస్తే పనైపోయేది. వెయ్యలేదు.

"అది కుర్రతనానికి చెల్లింది. ఇప్పుడు మీకు చిన్నదే హుందాగా ఉంటుంది."

కట్టారు. వదులు కాలరు మధ్య ఆ ముడి బిక్కుబిక్కుమంటూ ఉంది. దాని పైన గొంతుబుడిపె పైకీ కిందికీ కదులుతోంది. ఆ మనిషి అద్దంలో చాలాసేపు చూసుకున్నాడు.

"ఏదో పీలగా లేదూ?"

"అబ్బే, బాగుంది."

"మీరన్నారంటే సరే. ఈ మధ్య నా కళ్ళ మీద నాకే నమ్మకం పోయింది."

ముడి చెదరకుండా టైని తల మీంచి తీసి, సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. వెనక్కి పిలవాలని మాస్టారికి ప్రాణం కొట్టుకుంది. అయినా బల్ల మీది టైలు సర్దుతూ ఉండిపోయారు. తన మీద తనకే అసహ్యం వేసింది.

సాయంత్రం మేనేజరు పిలిపించాడు. దొరికిపోయాననుకుని మాస్టారు చెయ్యి జేబులో దాచుకుని వెళ్ళారు.

"ఇదివరకు ఒక్కొక్కరి మెడ కొలిచి అరగంట నమిలేవారు కదా మాస్టారూ. ఈ మధ్య అందరికీ ఒకటే ముడి, చిటికెలో పని. ఒక్కరు కూడా తేడాగా ఉందని రాలేదు. ఇది ముందే చేసి ఉండాల్సింది. రేపట్నుంచి కొత్తవాళ్ళకి ఇదే నేర్పండి."

మాస్టారు తలూపి వచ్చేశారు. దొరికిపోయినా ఇంత బాధ ఉండేది కాదు.

ఇంటికి రాగానే భార్య ఎప్పటిలాగే చొక్కా గుండీలు విప్పుతూ అంతా విన్నది.

"పోనీలెండి. ఎవరూ కనిపెట్టలేదు, అదే పదివేలు."

"ఒకాయన కనిపెట్టాడే. ఆయన కళ్ళే తప్పని నమ్మించి పంపేశాను."