కారణం లేకుండా నవ్వుతుంది

"నువ్వు పో విద్యా. ఒక్కదానివే పో. జర హవా మారుతది" అన్నాడు మా ఆయన శ్యామ్‌సుందర్.

నేను అప్పుడు గంజి వారుస్తున్నాను. పద్దెనిమిదేళ్ల కాపురంలో ఆయన వంటింటి గుమ్మం దాకా వచ్చి నాతో మంచిగా మాట్లాడిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అందులో సగం, ఏదో ఒక కాగితం మీద నా సంతకం కావలసి వచ్చినప్పుడే. అందుకే గిన్నె దించి, చెయ్యి కొంగుకు తుడుచుకుని, "ఎక్కడికి?" అని అడిగాను. తెలియక కాదు, ఆ నోటితోనే చెప్పించుకుందామని. "గదే, భీమునిపట్నం. పోయినేడు పోయినవ్ గద, మల్ల పో. నాకు దుకాన్ల తీరదు. అమ్మను నేను చూసుకుంట" అన్నాడు. అమ్మను తాను చూసుకుంటాడట. ఆవిడ కళ్లద్దాలు ఎక్కడ పెడుతుందో కూడా ఆయనకు తెలియదు.

భీమునిపట్నంలో సముద్రం ఒడ్డున మా ఆఫీసుకు ఒక హాలిడే హోమ్ ఉంది. నేను పనిచేసేది ఆబిడ్స్‌లో, ఉద్యోగుల సెలవులూ ప్రమోషన్లూ పింఛన్లూ చూసే ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్లో. మా వాళ్లెవరైనా ఏడాదికోసారి ఒక వారం అక్కడ ఉండొచ్చు. గది, మూడు పూటల భోజనం, రెండు పూటల చాయ్, దుప్పట్ల ఉతుకు, అన్నీ కలిపి ఒకటే రసీదు. పోయినేడు ఇద్దరం పోవాలని గది రాయించుకున్నాం. బయల్దేరే రోజు పొద్దున మా అత్తమ్మకు నడుం పట్టేసింది. ఈయన ఆగిపోయాడు. "రాయించిన గది ఖాళీగ పోతది, నువ్వన్న పో" అన్నాడు, నేను ఎట్లాగూ పోనని నమ్మకంతో. నేను పోయాను.

అక్కడి మొదటి పొద్దున ఎవరో తలుపు తట్టారు. తీస్తే మల్లయ్య. మా ఆబిడ్స్ ఆఫీసులోనే పన్నెండేళ్లు అటెండరుగా చేసి, ఇప్పుడు హాలిడే హోమ్ చూసుకుంటున్నాడు. చదువు రాదు. ఆఫీసులో ఉన్నన్నాళ్లూ అతని సెలవు చీటీలు, ఊరికి ఉత్తరాలు, బిడ్డ పెళ్లి దరఖాస్తు, అన్నీ నేనే రాసిపెట్టేదాన్ని. చేతిలో పళ్లెం, పళ్లెంలో చాయ్. "తాగుండ్రి అమ్మా, చల్లారుతది" అని వెళ్లిపోయాడు. నేను మంచం మీద కూర్చుని ఏడ్చాను. నా పెళ్లయ్యాక నేను పెట్టని చాయ్ నేను పడుకున్న చోటికి రావడం అదే మొదలు. ఆ తరువాత ఆరు రోజులూ వడ్డించింది తిన్నాను, సముద్రం చూశాను, నిద్రపోయాను. ఇంటికి వచ్చి గడపలో చెప్పులు విప్పుతుంటే ఏదో గుర్తొచ్చి నవ్వాను కాబోలు. "నవ్వుకుంట వచ్చింది సూడు" అంది అత్తమ్మ. "పిల్లల్లేనిదాని మనసు గట్లనే తిరుగుతది" అని ఎదురింటావిడకు చెప్పింది. ఏడాది పొడుగునా ఆ మాట మా నాంపల్లి గల్లీ అంతా తిరిగింది. నేను పట్టించుకోలేదు. పట్టించుకోవలసింది.

ఎందుకంటే ఈ నెలరోజుల నుంచి ఇంట్లో అందరూ నాతో చాలా మంచిగా ఉంటున్నారు. అత్తమ్మ ఒకరోజు నాకు చాయ్ పెట్టి ఇచ్చింది, ఇచ్చి నేను తాగేదాకా చూస్తూ నిలబడింది. మా ఆయన "నీకు నిద్ర పడుతలేదు" అని నాకే చెప్పి, బజారులో ఎవరో కొత్త డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. ఆ డాక్టరు నాడి చూడలేదు, నాలుక చూడలేదు. ఇవాళ ఏం వారమన్నాడు. వంద నుంచి ఏడేడు తీసుకుంటూ పొమ్మన్నాడు. ఆరు వందల మంది సెలవులు నా వేళ్ల మీద ఉంటాయి, నన్ను పట్టుకుని ఏడేడు తీయమంటాడేమిటని నవ్వొచ్చింది. నవ్వాను. డాక్టరు తల వంచుకుని ఏదో రాసుకున్నాడు.

మరిది బాలకిషన్ సంగతి ఇంకా వింత. ఇరవై ఎనిమిదేళ్లొచ్చాయి, ఉద్యోగం లేదు. సంబంధాలన్నీ "పిల్లగానికి నౌకరి ఉన్నదా" అనే మాట దగ్గరే ఆగిపోతున్నాయి. తాను తిని లేచిన పళ్లెం కూడా తీయనివాడు, ఈమధ్య నా పక్కన పీట వేసుకుని ఆఫీసు కబుర్లు అడగడం మొదలుపెట్టాడు. "వదినా, మీ ఆఫీసుల లక్ష్మీనర్సమ్మ అని ఒకామె ఉండె గద. ఆమె మరిది గిప్పుడు ఏ సెక్షన్ల ఉన్నడు?" అన్నాడు ఒకనాడు. ఆ పేరు నేను ఇంట్లో ఎన్నడూ ఎత్తలేదు. ఎత్తడానికి నాకు మనసొప్పదు.

మా ఆఫీసులో ఒక పద్ధతి ఉంది. జబ్బు వల్ల ఉద్యోగానికి పనికిరారని తేలితే, వాళ్లను ఇంటికి పంపి, ఇంట్లో ఒకరికి ఆ ఉద్యోగం ఇస్తారు. మంచి పద్ధతే. రికార్డు రూములో చేసే లక్ష్మీనర్సమ్మను మూడేళ్ల కింద అట్లాగే పంపారు. మతి స్థిమితం లేదన్నారు, ఆ ఉద్యోగం ఆమె మరిదికి ఇచ్చారు. దానికి మూడు కాగితాలు చాలాయి. భర్త దరఖాస్తు ఒకటి, డాక్టరు చీటీ ఒకటి, ఆఫీసు మనిషి ఎవరైనా కళ్లారా చూశానని ఇచ్చే వాంగ్మూలం ఒకటి. ఆ ఫైలు టైపు చేసింది నేను. "కారణం లేకుండా నవ్వుతుంది" అని టైపు కొట్టింది ఈ వేళ్లే. ఆమెను మా ముందుకు పిలవలేదు. నాకు అప్పుడు ఒక్క క్షణం అనుమానం వచ్చింది, ఆ రోజు లంచికి ముందే ఫైలు పంపాలని తొందరలో ఆ అనుమానాన్ని మింగేశాను. ఆమె ఇప్పుడు గౌలిగూడలో అన్న ఇంట్లో ఉంటుందని విన్నాను.

ఇన్ని తెలిసీ నేను ఎందుకు బయల్దేరానంటే, నాకు సముద్రం కావాలి. సిగ్గు లేకుండా చెబుతున్నాను. ఏడాదంతా ఆ చాయ్ పళ్లెం తలుచుకుంటూ బతికాను. ఆదివారం సాయంత్రం నాంపల్లి స్టేషన్‌కు మా ఆయన స్వయంగా వచ్చాడు, పెట్టె మోశాడు. బండి కదిలేటప్పుడు కిటికీ దగ్గరకొచ్చి, "ఆఫీసు ఫికర్ పెట్టుకోకు. అంత మేం చూసుకుంటం" అన్నాడు. మేం అన్నాడు. ఆ మాట వాల్తేరు దాకా నా చెవిలోనే ఉంది.

భీమునిపట్నంలో అదే గది, అదే మంచం. సోమవారం, మంగళవారం తిని పడుకున్నాను, మెలకువ వస్తే ఒడ్డున కూర్చున్నాను. అయినా పోయినేటి సుఖం లేదు. అల వెనక్కి తగ్గినప్పుడల్లా కాలికింద ఇసుక జారుతుంటే, ఇంట్లోనూ నా కాలికింద ఏదో తీసేస్తున్నారనిపించేది.

బుధవారం మధ్యాహ్నం భోజనం అయ్యాక మల్లయ్య వచ్చి, చేతిలో ఒక కవరుతో నిలబడ్డాడు.

"అమ్మా, పోస్టుల గిది వచ్చింది. నా పేరు మీదనే ఉన్నదట. లోపట ఉర్దూల రాసున్నది. పోస్టుమాస్టరుకు సూపిత్తె నాకు రాదన్నడు. గీడ ఎవలికి వస్తది? ఎట్లయిన నా కాయితాలన్ని మీరే గద సదివేది."

కవరు మీద ఇంగ్లీషు బాలకిషన్ చేతిరాత. లోపల ఉర్దూ మా ఆయనది. కోఠిలో బట్టల దుకాణంలో లెక్కలు రాసే మునీము ఆయన. నిజాం కాలం చదువు, ఏం రాసినా ఉర్దూలోనే రాస్తాడు. హైదరాబాదులో ఏ సందులోనైనా అది చదివిపెట్టేవాళ్లు దొరుకుతారు. భీమునిపట్నంలో మల్లయ్యకు దొరకరని ఆయనకు తోచలేదు. అక్కడ ఆ లిపి చదవగలిగిన మనిషిని తానే బండెక్కించి పంపాడు. నేనూ ఐదో తరగతి దాకా ఉర్దూలో చదువుకున్నదాన్నే.

"మల్లయ్యా, సలాం. మా ఇంటామె దిమాగ్ పోయినేటి సంది మంచిగ లేదు. నీళ్ల కాడ ఒక్కతే కూర్చుంటదా, నవ్వుతదా, అంత చూసి ఎవరితోనన్న కాగితం రాయించి, అంగూఠా పెట్టి, సూపరింటెండెంట్ వామన్‌రావు సాబ్ పేరు మీద పంపు. డాక్టర్ చీటీ తయారున్నది. నా దర్ఖాస్తు సోమవారం ఇస్తున్న. నీది ఒక్కటి తక్కువ. ఆమెకు తెల్వొద్దు. గరీబ్ ఖాందాన్ బాగుపడుతది, నీకు పుణ్యం."

రెండోసారి చదివాను, ఎక్కడైనా నేను తప్పుగా అర్థం చేసుకున్నానేమోనని. నన్ను సముద్రానికి పంపింది సుఖపడమని కాదు. నేను అక్కడ సుఖపడతానని తెలుసు కనుక, ఆ సుఖాన్ని కళ్లారా చూసే సాక్షి అక్కడ ఉన్నాడు కనుక.

"ఏమున్నదమ్మా?" అన్నాడు మల్లయ్య.

దాచాలనిపించలేదు. పన్నెండేళ్లు అతని కాగితాలు ఉన్నదున్నట్టే చదివాను, ఇదొక్కటి మార్చి చదవడం దేనికి? అంతా చదివాను. అతను నేల మీద కూర్చున్నాడు. "గట్లెందుకమ్మా? సూసింది సూసినట్టు రాయుండ్రి. నేను అంగూఠ పెడుత. మీకు ఏం కాలేదని అందరికి ఎర్కయితది" అన్నాడు.

కాగితం తీశాను. అతను చెప్పాడు, నేను రాశాను. "అమ్మ సోమారం వచ్చింది. వచ్చినప్పటి సంది సముద్రం కాడనే కూసుంటున్నది. ఒక్కతే. ఎవలతోని మాట్లాడుతలేదు. నిన్న అలొచ్చి చీరంత తడిస్తే నవ్వింది. మస్తు నవ్వింది. మూడుసార్లు అన్నం పెట్టించుకున్నది." ఎంత ప్రేమగా చెప్పాడో! ఒక్క అబద్ధం లేదు. చూసుకుంటే, మా ఆయనకు కావలసిన కాగితం అక్షరం పొల్లు పోకుండా తయారైంది. లక్ష్మీనర్సమ్మ ఫైల్లో కూడా ఎవరూ అబద్ధం చెప్పి ఉండరని నాకు అప్పుడు తెలిసింది.

కలం పట్టుకునే అడిగాను. "మల్లయ్యా, ఆమె ఎందుకు నవ్వింది?"

"ఎందుకేందమ్మా?" అతనికి ప్రశ్నే అర్థం కాలేదు. "మంచిగనిపిచ్చింది, నవ్విన్రు."

అదీ రాశాను. అతను వేలిముద్ర వేశాడు. ఆ కాగితాన్నీ ఉర్దూ ఉత్తరాన్నీ రెంటినీ నా పెట్టెలో పెట్టుకుని, ఇంకా మూడు రోజుల సెలవుండగానే గురువారం బండెక్కాను.

శుక్రవారం పొద్దున నాంపల్లిలో దిగాను. బయట రిక్షావాడు "ఇంటికేనా అమ్మా?" అన్నాడు. ఎడమకు తిరిగితే మా గల్లీ. అంట్ల గిన్నెలు నాలుగు రోజులవి నా కోసం ఉండే ఉంటాయి. నేను పెట్టె పట్టుకుని ఆబిడ్స్ వైపు నడిచాను. చీర అంచుకు ఇంకా ఇసుక ఉంది, దులుపుకోలేదు.

సెక్షన్లోకి అడుగుపెడితే నా కుర్చీలో బాలకిషన్ కూర్చుని ఉన్నాడు. మా ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. నా కలంతో చిత్తుకాగితం మీద తన సంతకం రాసి రాసి చూసుకుంటున్నాడు. నన్ను చూసి నోరు తెరిచాడు గాని లేవలేదు. సూపరింటెండెంటు వామన్‌రావు గారు తన బల్ల దగ్గర నుంచే, "మీకు రేపటిదాంక లీవున్నది గదమ్మా. ఈ పిల్లగాడు జర పని చూసుకుంటనంటే కూసోమన్న. మీ పానం ఎట్లుంది?" అన్నారు. ఇన్నేళ్లలో ఆయన నా ప్రాణం గురించి అడగడం ఇదే మొదటిసారి. ఆయన ముందు పలచటి ఫైలు ఒకటి ఉంది, మీద నా పేరు. లోపల రెండే కాగితాలు ఉంటాయని తెరవకుండానే చెప్పగలను.

నిలబడే, వచ్చిన కాగితాలు ఎక్కించే ఇన్‌వర్డు రిజిస్టరు తెరిచాను. మా ఆయన ఉర్దూ ఉత్తరానికి ఒక నంబరు వేశాను. మల్లయ్య వాంగ్మూలానికి ఇంకొక నంబరు వేశాను. నంబరు పడిన కాగితాన్ని మా ఆఫీసులో ఎవరూ చింపలేరు, అది నాకు వచ్చిన విద్య. రెంటినీ తీసుకెళ్లి నా పేరున్న ఫైల్లో నేనే గుచ్చాను. వామన్‌రావు గారు ఉర్దూ బాగానే చదువుతారు. చదువుతూ చదువుతూ తన పేరు వచ్చిన చోట ఆగిపోయారు.

తరువాత బీరువా తెరిచి లక్ష్మీనర్సమ్మ ఫైలు తీశాను. మూడు కాగితాలూ చదివాను. ఆఖరు కాగితం కింద ఖాళీలో రాశాను: "ఈ ఫైలు టైపు చేసినది నేను. ఆమె ఎందుకు నవ్విందని మేమెవరమూ అడగలేదు. ఆమెను పిలిచి అడగవలెను." సంతకం పెట్టి, తేదీ వేసి, వామన్‌రావు గారి ముందు పెట్టాను.

"ఇదేందమ్మా? మూడేండ్ల కింద మూసిన ఫైలు. గిప్పుడు ఎవలడుగుతరు?"

"నేనడుగుత సార్. సాయంత్రం గౌలిగూడకే పోతున్న."

"మరి ఇంటికి రావా వదినా?" అన్నాడు బాలకిషన్, ఇంకా కూర్చునే.

"అది తర్వాత సంగతి" అన్నాను. "ముందు నా కుర్చీలకెల్లి లే."