ఐదు గుండీలు

మనిషి అంటే ఎవరో నాలుగు పేజీల్లో రాసుకురమ్మన్నారు. ఇరవై రెండేళ్లుగా మనుషులకు స్నానాలు చేయించి, గడ్డాలు గీసి, కట్లు మార్చి, పోయినవాళ్ల కళ్లు మూసిన మనిషిని పట్టుకుని ఈ ప్రశ్న అడిగారంటే, అడిగినవాళ్లకు బుద్ధుండాలని మగవాళ్ల వార్డు పెద్ద సిస్టరు ఉద్దేశం. అయినా రాసింది. వెనక్కి కొట్టారు.

రాయక చస్తుందా మరి. వార్డుకు పెద్దగా ఉండాలంటే ఇకమీదట డిగ్రీ ఉండాల్సిందేనని ఆసుపత్రివాళ్లు ఉరుము లేని పిడుగులా ఒక కాగితం అంటించారు. ఆవిడ సాయంకాలం తరగతుల్లో చేరి, కళ్లజోడు నంబరు పెంచుకుని, అన్ని పేపర్లూ గట్టెక్కింది. మిగిలింది ఇదొక్కటే. శుక్రవారం సాయంత్రం నాలుగు లోపు తానే కాలేజీకి వెళ్లి, సంతకం పెట్టి ఇస్తే వార్డు ఆవిడది. లేదంటే సోమవారం నుంచి దుప్పట్ల స్టోరు.

పుండు మీద కారం ఏమిటంటే, ఆ పేపరు దిద్దే మేడమ్ స్వయానా ఆవిడ ఆడపడుచు. ఆడబిడ్డ అర్ధమొగుడని ఊరికే అన్నారా. మొగుడైతే రెండు మాటలని ఊరుకుంటాడు, ఈవిడ ఎర్ర పెన్నుతో అంటుంది.

పోనీ తరగతిలో చదవమన్న నర్సింగు సిద్ధాంతాల పుస్తకమన్నా ఒక్క మాట మీద నిలబడిందా అంటే అదీ లేదు. ఒకావిడ మనిషికి పద్నాలుగు అవసరాలున్నాయని తేల్చింది. ఇంకొకావిడ మనిషంటే చుట్టూ ఉన్నవాటికి తగ్గట్టు సర్దుకుపోయే ఏర్పాటు అంది. మా ఇంటాయన్ని చూసి ఉంటే ఆ మాట అనేది కాదని పెద్ద సిస్టరు అనుకుంది. మరొకావిడ మనిషంటే శక్తిక్షేత్రమని చేతులు దులుపుకుంది. శక్తిక్షేత్రానికి ఎనిమా ఎలా ఇవ్వాలో మాత్రం ఏ పేజీలోనూ లేదు. నాలుగో ఆవిడ ఒక్కతే నేల మీద నిలబడి మాట్లాడింది. మనిషి తన ఒంటి పని తాను చేసుకునేవాడట. చేసుకోలేని చోట, చేసుకోలేనంత మేరకే నర్సు చెయ్యి వెయ్యాలట. ఇదేదో తేలిగ్గా ఉందని దాన్నే పట్టుకుని, వార్డులో ఉన్న టైలర్ని ఉదాహరణగా పెట్టి పేజీలు నింపేసింది.

టైలరుకు డెబ్బై దాటాయి. వెనకాముందూ ఎవరూ లేరు, దుకాణం వెనక గదిలోనే కాపురం. నెల కిందట పక్షవాతం కొట్టి కుడిపక్క పడిపోయింది. కాలు తిరిగొచ్చి కర్ర పట్టుకుని నడుస్తున్నాడు, చెయ్యి సగం వచ్చింది. ఆ సగం చేత్తో పెద్ద సిస్టరుకు పనిలేదు. ఆవిడ వార్డులో పద్ధతంటే పద్ధతే. ఎనిమిదికి డాక్టరు అడుగు పెట్టేసరికి ఇరవై ఆరు మంచాల మీదా ఇరవై ఆరుగురూ తల దువ్వుకుని, గుండీలు పెట్టుకుని, పెళ్లిచూపులకు కూర్చున్నట్టు కూర్చోవాలి. ఒక్కొక్కడూ తనంతట తాను తెమలాలంటే మధ్యాహ్నం అవుతుంది. అందుకని ఆవిడా ఆయాలూ కలిసి టకటకా తెమిల్చేస్తారు. టైలరు చొక్కా ఆవిడ చేతిలో పది సెకన్ల పని.

గురువారం ఆడపడుచు వార్డుకు వచ్చి పేపరు చేతికిచ్చింది. ‘రోగి తన దుస్తులు తానే ధరించునట్లు ప్రోత్సహించబడెను’ అన్న వాక్యం కింద ఎర్రగీత. పక్కన: ఎవరు ప్రోత్సహించారు? ఎప్పుడు?

పెద్ద సిస్టరుకు ఒళ్లు మండిపోయింది. ఆ వాక్యం ఆవిడ సొంతం కాదు. కేసు షీట్లు పుట్టినప్పటి నుంచీ ప్రతి నర్సూ ప్రతి రోగికీ రాస్తున్న వాక్యం. దాన్నిప్పుడు ఎవరు, ఎప్పుడు అంటే ఏం చెప్తాం. కందకు లేని దురద కత్తిపీటకెందుకని, ఆ టైలరే ఏనాడూ అడగలేదని, తలుపు మూసిన నర్సుల గదిలో ఆడపడుచును గట్టిగానే కడిగేసింది. పుస్తకాలు చదివి ఉద్యోగం చేయడం వేరు, ఇరవై ఆరు ఒళ్లు తోమడం వేరని కూడా అంది.

ఆడపడుచు అంతా విని, నిమ్మకు నీరెత్తినట్టు బాటిల్లో నీళ్లు తాగింది.

"పదో తరగతి దాకా నా జడ నువ్వే వేసేదానివి వదినా. నేను వేసుకుంటానంటే, నీ చేతుల్తో అయ్యేసరికి బడి గంట కొడతారని లాక్కునేదానివి. హాస్టల్లో మొదటి వారం తలకి టవల్ చుట్టుకుని క్లాసుకి వెళ్లాను. నీకు తెలుసా?"

తెలియదు. పెద్ద సిస్టరుకు ఎక్కడో కలుక్కుమంది కానీ, ఆ పట్టున ఒప్పుకుంటే ఆవిడ పెద్ద సిస్టరు ఎందుకవుతుంది. చేసిన చాకిరీకి ఇదా ఫలితం అని విసవిసా వెళ్లిపోయింది. ఎర్రగీత వాక్యాన్ని మార్చి ‘రోగి స్వయముగా దుస్తులు ధరించుచున్నాడు’ అని ఇంకా పెద్ద అబద్ధం రాసి, పేపరు సంచిలో పడేసుకుంది.

శుక్రవారం పొద్దున టైలర్ని ఇంటికి పంపే మాట వచ్చింది. డాక్టరు అతన్ని చొక్కా విప్పి మళ్లీ వేసుకోమన్నాడు. అతను ఎడమచేత్తో చొక్కా భుజాల మీదికి తెచ్చుకుని అక్కడ ఆగిపోయి, అలవాటుగా గడ్డం పైకెత్తి పెద్ద సిస్టరు వైపు చూశాడు. ఆవిడ చేతులు కూడా అలవాటుగానే ముందుకు వెళ్లాయి. డాక్టరు ఆగమన్నాడు. ఇన్నాళ్లూ గుండీలు ఎవరు పెట్టారని అడిగాడు.

"నేనే," అంది. అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు.

చొక్కా తొడుక్కోలేనివాణ్ణి ఒంటరి గదికి పంపనని డాక్టరు తేల్చేశాడు. ఐదింటికి వృద్ధుల ఆశ్రమం బండి వస్తుంది. నాలుగున్నరకు వచ్చి ఇంకొక్కసారి చూస్తానన్నాడు. 

"అక్కడ మిషను పెట్టుకోనిస్తారామ్మా?" అని అడిగాడు టైలరు, ఆయన వెళ్లాక.

పెట్టుకోనివ్వరు. ఆ ఆశ్రమం ఆవిడకు తెలుసు. మంచాల మధ్య మనిషి నడవడానికే చోటుండదు. ఆవిడకు తన మీద తనకే అసహ్యమేసింది. జబ్బు సగం చెయ్యి తిరిగిచ్చింది, మిగతా సగాన్ని తన పద్ధతి మింగేసింది.

మూడింటికి పని తెమిలింది. కాలేజీ రోడ్డుకు అవతలే, పది నిమిషాల నడక, కానీ అక్కడి వరసలో నిలబడి తిరిగొచ్చేసరికి నాలుగు దాటుతుంది. ఆవిడ సంచి భుజానికి తగిలించుకుని, టైలరు దగ్గర ఆయాను కూర్చోబెట్టి, అతనంతట అతనే గుండీలు పెట్టుకోవాలని, నువ్వు ముట్టుకోవద్దని చెప్పి, చెయ్యి కడుక్కోవడానికి వెళ్లింది. తిరిగొచ్చేసరికి ఐదు గుండీలూ పెట్టి ఉన్నాయి. ఆయా గర్వంగా నిలబడి ఉంది. తిడదామని నోరు తెరిచి మూసేసుకుంది. పదిహేనేళ్లుగా ఆయాకు ఆ పని నేర్పింది ఎవరు. ఈ వార్డులో ఒక మనిషి తంటాలు పడుతుంటే చేతులు కట్టుకుని చూడగలిగినవాళ్లు ఒక్కరంటే ఒక్కరు లేరు. అలా తయారు చేసి పెట్టింది.

సంచి కింద పెట్టి, స్టూలు లాక్కుని, గుండీలన్నీ విప్పేసి, "కానివ్వండి," అంది.

ఓరి నాయనా, అదేం పరీక్ష. మొదటి గుండీకి పన్నెండు నిమిషాలు. వేళ్లు గుండీని పట్టుకుంటాయి, కాజా దాకా తెస్తాయి, జార్చేస్తాయి. మళ్లీ పట్టుకుంటాయి. జీవితమంతా కాజాలు కుట్టిన వేళ్లు. ఆవిడ రెండు అరచేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. చూడలేక కిటికీ వైపు తిరిగితే గడియారం కనిపిస్తోంది, గడియారం చూడలేక ఇటు తిరిగితే గుండీ జారుతోంది. తల ప్రాణం తోకకొచ్చింది. రెండో గుండీ పడేసరికి మూడూ నలభై. ఇప్పుడు లేచినా అందుకోవచ్చు. లేస్తే ఆయా వస్తుంది.

నాలుగుకు ఐదు నిమిషాలుండగా ఫోన్ మోగింది. ఆడపడుచు.

"వదినా, ఆఫీసు తలుపు వేసేస్తున్నారు. ఎక్కడున్నావ్?"

"మూడో గుండీ దగ్గర," అంది పెద్ద సిస్టరు.

 ఆడపడుచు ఏదో అనబోయింది కానీ, అప్పుడే మూడో గుండీ కాజాలో దూరింది. పెద్ద సిస్టరు ఫోన్ పెట్టేసింది. నాలుగోది పెట్టబోతూ టైలరు ఆగి, కిందికి వంగి చొక్కా అంచు చూసుకున్నాడు. ఒక పక్క పొడుగు, ఒక పక్క పొట్టి. మొదటి గుండీయే తప్పు కాజాలో పడింది. ఫరవాలేదు, డాక్టరు అంత చూడడు, అలాగే కానిచ్చేయమని ఆవిడ బతిమాలుకుంది.

"నేను టైలర్నమ్మా," అని అతను మూడూ విప్పేశాడు.

ఆవిడకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. ఈసారి మొదటిది ఆరు నిమిషాల్లో పడింది. ఆ తర్వాతవి ఒక్కొక్కటీ నాలుగు నిమిషాలు, మూడు నిమిషాలు. నాలుగున్నరకు డాక్టరు వచ్చేసరికి టైలరు ఐదోది పెడుతున్నాడు. డాక్టరు నిలబడి చూసి, మళ్లీ విప్పమనలేదు, కాగితం మీద ‘ఇంటికి’ అని రాశాడు.

టైలరు మెప్పు కోసం చూడలేదు. చేతిని తిప్పి తిప్పి చూసుకుని, ఆవిడ మీద కసురుకున్నాడు.

"ఇదే మాట మొదటి వారంలో అనుంటే, ఈపాటికి సూదిలో దారం కూడా ఎక్కించేవాణ్ణి కదమ్మా. మీకెందుకంత తొందర?"

 ఆవిడ కర్ర అందించబోయి, ఆగి, అతను తీసుకునేదాకా నిలబడింది.

సోమవారం దుప్పట్ల స్టోరులో చేరింది. మడిస్తే మడిచినట్టే ఉన్నాయి, ఎక్కడ పెడితే అక్కడే ఉన్నాయి, నేను చేసుకుంటానని ఒక్కటీ అనలేదు. పదిన్నరకల్లా పని అయిపోయింది. మిగతా రోజంతా ఆవిడకు భరించలేనంత విసుగేసింది.