కిటికీలో గిలాస

ఆమెన్ అనాల్సిన చోట ఎవరూ ఆమెన్ అనలేదు. అప్పుడు తెలిసింది ఏసమ్మకు, తన నోటి నుంచి ఏం జారిందో.

కళ్లు తెరిచింది. కాజీపేట రైల్వే క్వార్టర్లో, ఆమె ఇంటి ముందుగదిలో, చాపల మీద మోకాళ్లూనిన మహిళా సమాజం ఆడవాళ్లంతా అప్పటికే కళ్లు తెరిచి ఉన్నారు. అందరి చూపూ ఎస్తేరు మీదే ఉంది. ఎస్తేరు తల వంచుకుని, కొంగు లాగి ఎడమ మోచేతిని కప్పుకుంటోంది.

ప్రార్థనలో ఏసమ్మను మించినవాళ్లు ఆ సంఘంలో లేరు. ఆమె "ప్రభువా" అని గొంతెత్తిందంటే రాతిగుండెలకైనా కన్నీళ్లు రావాల్సిందే. ఆ పేరుందని ఆమెకు తెలుసు, లోలోపల ఇష్టం కూడా. ఆ మధ్యాహ్నం అందరూ స్తోత్రం స్తోత్రం అని అందుకుంటుంటే ఊపు వచ్చింది. ఆ ఊపులోనే అనేసింది.

"తండ్రీ, మా చెల్లెలు ఎస్తేరు మోచేతి మీది స్పర్శ లేని మచ్చను ముట్టుము. ఆ కుష్టును తుడిచివేయుము."

మొన్ననే ఎస్తేరు దవాఖాన నుంచి నేరుగా ఆమె దగ్గరికే వచ్చి, తలుపు దగ్గరేసి మరీ ఆ మచ్చ చూపించింది. "మొదట్లనే దొరికిందట అక్కా. గోలీలు మింగితే పోతదన్నడు డాక్టరు. ఒగలకు అంటుకునేది గాదట. నువ్వు ఎవ్వలకు చెప్పకు. జర ప్రార్థన చెయ్యి, చాలు."

ఆమె చెయ్యమంది. ఈమె చేసింది. నలుగురిలో, గొంతెత్తి.

ఎస్తేరు లేచి చెప్పులేసుకుని వెళ్లిపోయింది. ఎవరూ పిలవలేదు. సమాజంలో పెద్దావిడ సోమక్క మాత్రం ఎస్తేరు కూర్చున్న చాపను కాలితో పక్కకు జరిపి, "అయ్యో, మనతోనే కూసోని తింటుండె గదనే!" అంది.

ఎస్తేరు భర్త చనిపోయాక ఆడపిల్లల హాస్టలులో వంట చేసి బతుకుతోంది. ఆ వారం తిరగకుండానే వార్త అక్కడికి చేరింది. రోగం తగ్గాక చూద్దామని వార్డెనమ్మ చెప్పేసింది. సోమక్క ఇద్దరిని వెంటేసుకుని ప్రార్థన గుడికి పోయి పాస్టరు సుందర్ రావు అయ్యగారిని నిలదీసింది. ప్రభువు బల్లలో అందరూ ద్రాక్షరసం తాగేది ఒకే పాత్రలో కదా, ఎస్తేరు తాగాక మేమెట్ల తాగాలె? ఆయన మెత్తని మనిషి. ఎటూ తేల్చలేక, "చివర్ల వస్తదిలే, ఎవ్వలకూ తక్లీఫ్ ఉండది" అన్నాడు. ఏసమ్మ అక్కడే నిలబడి ఉంది. అంత ప్రార్థన చేసే నోరు ఆ పూట పెగల్లేదు.

శనివారం పొద్దున ఎస్తేరే వచ్చింది.

"కూసో చెల్లె, చాయ్ తాగు" అంది ఏసమ్మ, మొహం చూడలేక పొయ్యి వైపు తిరిగి.

"ఏసక్కా, నిన్ను తిట్టాలెనని దారెంబడి మాటలు ఏరుకుంట వచ్చిన. ఇక్కడికొచ్చినంక ఒక్కటి యాదికి వస్తలేదు." ఎస్తేరు చాయ్ తాగి గిలాస కింద పెట్టింది. "నువ్వు గిట్ల ప్రార్థన చేసినంక ఇంకొగలు చాడీలు జెప్పుడెందుకు?"

ఆ ఒక్క మాటే అని వెళ్లిపోయింది.

ఏసమ్మ ఆ గిలాసను బూడిదేసి తోమింది. నీళ్లు మరిగించి దాని మీద పోసింది. అయినా మిగతా గిలాసల్లో కలపడానికి చెయ్యి రాలేదు. కిటికీలో బోర్లించింది.

భర్త దావీదు లోకోషెడ్డులో డ్యూటీ దిగి, బొగ్గు మొహంతో వచ్చి, కడవ దగ్గర నిలబడి చేతికందిన ఆ గిలాసే తీసుకున్నాడు.

"అది వద్దు!" అరిచింది ఏసమ్మ. "అది ఎస్తేరుది."

అతను గిలాస వైపు చూశాడు. భార్య వైపు చూశాడు. "ఎస్తేరుకు మనింట్ల యేరే గిలాస ఎప్పటి సంది?"

ఏసమ్మ గడప మీద కూర్చుండిపోయింది.

మరిపెడ రోడ్డు మీది హోటలు కళ్లముందుకొచ్చింది. అంటరానివాళ్లకని వేరుగా చూరులో దోపిన గిలాస. ఆమె తండ్రి గట్టయ్య ఆ గిలాసను తనే తీసుకుని, తనే కడుక్కుని, కింద పెడితే హోటలాయన పైనుంచి చాయ్ పోసేవాడు. తాగాక మళ్లీ కడిగి చూరులో పెట్టాలి. చిన్నప్పుడు ఆయన వేలు పట్టుకుని అదంతా చూసింది. గట్టయ్య ప్రభువును నమ్ముకున్నాక, మొట్టమొదట బల్లకు మోకాళ్లూనినప్పుడు, ముందువాళ్లు తాగిన పాత్రనే అయ్యగారు తుడిచి ఆయన పెదాలకు అందించాడు. చచ్చేదాకా చెప్పుకున్నాడు ఆ ముచ్చట. "బిడ్డా, ఆ దినం నేను మనిషినైన."

ఆయన బిడ్డ ఇవాళ చూరు లేకపోతే కిటికీ వెతికింది.

దావీదు ఆ గిలాసతోనే నీళ్లు ముంచుకుని తాగి, మిగతావాటి పక్కన పెట్టాడు. ఆ పని తను చెయ్యనందుకు ఏసమ్మకు ఇంకా సిగ్గేసింది.

మర్నాడు ఆదివారం, ప్రభువు బల్ల. వరసలు వరసలుగా లేచి ముందుకు పోతున్నారు. ఏసమ్మ వరస లేచింది. ఆమె లేవలేదు. అందరూ అయిపోయారు. వెనక గోడకు ఆనుకుని ఎస్తేరు అట్లాగే కూర్చుని ఉంది. అయ్యగారు పాత్ర పట్టుకుని, ఆమె వైపు చూడలేక నేల చూస్తున్నాడు.

ఏసమ్మ నడిచి గోడ దాకా పోయింది. గుడంతా తల తిప్పింది.

"లే, చెల్లె."

"మళ్ల నలుగుర్ల నన్ను నిలబెడతవా?" ఎస్తేరు పళ్ల బిగువున అంది. "నీ దండం, నన్నిడిసిపెట్టు."

"నువ్వు ముందు నడువు. నేను నీ ఎనుక వస్త. తప్పు నాది. నిన్న నీ గిలాస గూడ యేరు పెట్టిన."

ఆ మాటకు ఎస్తేరు తలెత్తి ఆమె మొహంలోకి చూసింది. తర్వాత లేచింది.

ఇద్దరూ పక్కపక్కన మోకాళ్లూనారు. ఎస్తేరు తాగింది. అయ్యగారు అంచు తుడిచి ఏసమ్మ ముందు ఆగాడు. ఆమెకు భయం పోలేదు. డాక్టరు మాట తెలుసు, ప్రభువు మాట తెలుసు, అయినా చూపు పాత్ర అంచు మీదే ఆగింది. "నాయనా" అనుకుంది. పరలోకపు తండ్రినో, మరిపెడ తండ్రినో ఆమెకే తెలియదు. తాగింది. ద్రాక్షరసం తియ్యగా, కాస్త వగరుగా, ఎప్పటిలాగే ఉంది.

బయట ఎండలో సోమక్క మూతి తిప్పుకుని పోయింది. ఎస్తేరు చెప్పులు వెతుక్కుంటూ, తలెత్తకుండానే అంది.

"గింతతోనే మాఫ్ అయిందనుకోకు."

"అనుకుంటలేను."

"రేపు పొద్దుగాల హాస్టలుకు నాతోని రా. వార్డెనమ్మ ముంగట గదే గొంతు లేపు. డాక్టరు ఏమన్నడో జెప్పు."

"చెప్త. అందరు వినేటట్టు చెప్త."

"అగో, ప్రార్థన చెయ్యకు మళ్ల!" అంది ఎస్తేరు. నవ్వలేదు గాని, ఏసమ్మ పక్కకు వచ్చేదాకా ఆగి, ఆమెతోపాటు నడిచింది.