కాలి వాటా

ప్రతి ఆదివారం పొద్దున తొమ్మిదింటికి బుధు అరుగు మీదకు వచ్చి గోడకు చేరబడి కూర్చునేవాడు. మూడో ఏట జ్వరం వచ్చి అతనికి రెండు కాళ్లూ చచ్చుబడ్డాయి. ఎడమకాలు మడతపడుతుంది కాబట్టి దాన్ని మడిచి గుడ్డతో నడుముకు కట్టుకునేవాడు. కుడికాలు మడతపడదు. అరచేతులకు పాత టైరు ముక్కలు కట్టుకొని అతను పాకుతుంటే అది వెనకాల ఈడ్చుకుంటూ వచ్చేది. ఫోను ఆ కుడితొడ మీద పెట్టుకునేవాడు. ఒంట్లో వణకని చోటు అదొక్కటే.

కూతురు చిట్టి ఆరో తరగతి. పరీక్ష నెగ్గి, కొండల కింద మైదాన ప్రాంతంలో ఒక ఊరి బయట ఉన్న హాస్టలు బడిలో జూన్‌లో చేరింది. దరఖాస్తు నింపింది బుధే. తనలా మట్టిలో పాకకుండా పిల్ల బల్ల మీద కూర్చుని చదువుకుంటుందని ఒకటికి నాలుగుసార్లు సరిచూసి మరీ నింపాడు. మాట్లాడ్డానికి వార్డెన్ మేడమ్ తన ఫోను పది నిమిషాలు ఇచ్చేది, ఇచ్చి పక్కనే నిలబడేది.

“తిన్నావా?”

“తిన్నాను నాన్నా.”

“ఏటి తిన్నావు?”

“అన్నం. పప్పు.”

“కడుపు నిండిందా? కాసిన నీలు ఇత్తన్నారా? దుప్పటి కప్పుకుంటన్నావా? గోళ్లు తీసుకున్నావా?”

“పోలీసోలు కూడా ఇన్ని అడగరు. ఇలగియ్యి” అని భార్య బేబి ఫోను లాక్కునేది. ఆ పాటికి పది నిమిషాలూ అయిపోయేవి.

అనంతగిరి మండలంలో, రైలు పట్టాలకు పైనున్న ఇరవై ఇళ్ల గూడెం వాళ్లది. కాస్త చోళ్లు అనే రాగులు, కాస్త కాఫీ, రోడ్డు పక్కన నూనెగింజల కోసం ఒక మడి పచ్చపూల వలిసెలు. బుధు కవి. వానలకు దుక్కి మెత్తబడ్డాక బేబి వలిసె గింజల్ని ఇసకలో కలిపి మడంతా చల్లుతుంది. బుధు అందులోకి దిగి మనసులో ఉన్న మాట అక్షరాల వంపుల్లోనే పాకుతాడు. కుడికాలి మడమ గీసిన గీత మీదే గింజ మొలుస్తుంది, మిగతా చోట మొలవదు. గూడెంలో ఇది ఎవరికీ వింత కాదు. పంటలు రాసుకోవడానికి వచ్చిన ఆఫీసరు ‘సాగు పద్ధతి’ అన్న గడిలో ‘ఇతరములు’ అని రాసుకొని టీ తాగి పోయాడు.

అతని పద్యాలకు మొదలూ చివరా ఉండవు. ఒకే మడి మూడుసార్లు మారుతుంది. మొగ్గలో ఒక మాట, పువ్వులో ఇంకో మాట, రేకులు రాలి గింజ పట్టాక మరో మాట. నూనె ఆడించాక ఏ మాటా ఉండదు. అలా ఉండకపోవడమే బుధుకు ఇష్టం. అన్నీ అతను అనుకున్న మాటలే కావు. చేతులు ఎటు పోవాలో అతని ఇష్టం. స్పర్శ లేని కాలు వెనకాల ఎటు కొట్టుకుందో అతనికి తెలియదు. “సగం నాది, సగం కాలి వాటా” అనేవాడు.

తన పద్యాన్ని అతను ఒక్కసారీ చూడలేదు. ఎదురు కొండ ఎక్కి చూస్తేనే అక్షరాలు కలుస్తాయి. చిన్నాన్న కొడుకు సోంబరు ఏడో తరగతి దాకా చదివాడు. అతను ఎక్కి చదివి, దిగొచ్చి చెప్పేవాడు. దారిలో బీడీ కాలుస్తూ మాట మరిచిపోయి మళ్లీ ఎక్కిన రోజులూ ఉన్నాయి.

మూడేళ్ల కిందట ఎవరో డ్రోనుతో తీసిన ఫోటో ఫోనుల్లో తిరిగింది. అప్పటి నుంచి మడి చుట్టూ జనమే. తాడు కడితే తాడు దాటేవారు. పూలలో పడుకొని ఫోటోలు దిగేవారు. ఒక తల్లి తన పిల్లాడిని అక్షరం మీదే నిలబెట్టి ఉచ్చ పోయించింది. వెదురు చికెన్ తిని ఎముకలూ ఆకులూ గట్టు మీద వదిలేసి, సారా వాసనతో వచ్చి “కవిగారంటే మీరేనా, ఏదీ కాలు చూపించండి” అనేవారు. పట్నంలోని సాహిత్య సంఘం ఒకటి అతని మీద ప్రత్యేక సంచిక వేసింది. అట్ట మీద కాలు, లోపల పదకొండు చోట్ల కాలు, చివర సంఘం అధ్యక్షుడు ఆ కాలి పక్కన గొంతుక్కూర్చుని నవ్వుతూ. పద్యం ఒక్కటీ లేదు. ‘స్ఫూర్తి’ అన్న మాట మాత్రం పేజీకి రెండుసార్లు ఉంది. సంచిక ఇంటికొచ్చిన రోజు బుధు అన్నం ముందు కూర్చుని ముద్ద నోట్లో పెట్టుకోలేక పక్కకు పాకిపోయాడు.

ఈ ఏడు వానల్లో వరహాలరావు వచ్చాడు. నవంబరులో జరిగే వలిసె ఉత్సవానికి అతను అధికారి. బుధు భుజం తట్టి, జేబులోంచి చిన్న సీసా తీసి అక్కడే చేతికి రాసుకున్నాడు. సీసాలోంచి స్పిరిట్ వాసన వచ్చింది.

“మొగ్గకో మాట, పువ్వుకో మాట వద్దు బుధూ. ఒకటే మాట. ‘పెద్దసారుకు స్వాగతం.’ రాజధాని నుంచి వస్తన్నారు. ఎప్పుడు చూసినా అదే కనబడాలి.”

“అది నా సేతిలో లేదు బాబూ. కాలి వాటా ఒకటుంటాది.”

“కాలికి నేను దారేస్తాను లే.”

బుధు ప్లాస్టిక్ కవరులో దాచిన కాగితం తీశాడు. చిట్టిని మండలంలోని బడికి మార్చమని రాసుకున్న అర్జీ. పిల్ల గొంతు వారం వారం సన్నబడుతోందని అతనికి అనిపిస్తోంది. అనిపించిందని అర్జీలో రాయకూడదు కదా, ‘దూరాభారం’ అని రాశాడు. ఈ కాగితం పట్టుకొని మూడు ఆఫీసుల చుట్టూ పాకాడు.

బుధు సంగతి చెబుతుంటే వరహాలరావు కాగితం చదవకుండానే మడిచి జేబులో పెట్టుకున్నాడు. “ఉత్సవం నాడు పెద్దసారు చేత సంతకం పెట్టిస్తాను. వారం తిరక్కుండా నీ కూతురు గుంట ఇంటికాడుంటాది. సరేనా?”

మర్నాడు మనుషులొచ్చి దుక్కిలో తాడు కట్టి సున్నంతో అక్షరాలు గీశారు. బుధు ఆ గీతల మీద పాకాడు. ఎవరో నమిలి ఉమ్మిన ముద్ద తన నోట్లో పెట్టుకున్నట్టుంది అతనికి. సంతకం తలుచుకుని పాకాడు. తడి సున్నానికి మడమ పొక్కిపోయింది, అతనికి తెలియలేదు. సాయంత్రం బేబి చూసి కడిగింది.

“ఎవడి పేరుకో నీ సరమం ఊడిపోయింది” అంది.

“సిట్టి ఒచ్చేత్తాది గదే” అన్నాడు బుధు.

అక్టోబరులో మొగ్గ తొడిగింది. సోంబరు కొండెక్కి వచ్చాడు.

“స్వాగతమే అన్నా. సున్నం గీసినట్టే ఉంది. ఇస్కూలు గోడ మీద రాతలాగుంది, నీ రాతలా లేదు.”

బుధు తల దించుకున్నాడు. అయినా ఆ ఆదివారం చిట్టికి చెప్పాడు, ఇంకొక్క నెల అని. “తిన్నాను నాన్నా” అంది చిట్టి. అతను ఇంకా అడగనే లేదు.

ఉత్సవం నాటి పొద్దున మడంతా ఒక్కసారిగా పూసింది. సోంబరు అందరికంటే ముందు ఎక్కాడు. దిగేటప్పుడు చెవి మీది బీడీ చెవి మీదే ఉంది.

“ఏటుంది?”

“స్వాగతమే.”

“మరి ముకం అలాగెట్టేవేటి?”

సోంబరు గట్టు మీద కూర్చుని గడ్డి పీకాడు. “స్వాగతం లేదు. నీ కాలి వాటా పూసింది అన్నా.”

“సెప్పు.”

“‘అన్నంలో పురుగులు నాన్నా. ఏరుకొని తింటన్నాను. నీకు సెప్పొద్దంది మేడమ్.’” సోంబరు చదువు అప్పజెప్పినట్టు గబగబా అనేశాడు. “అంతే ఉంది.”

బేబి చేతిలోని చీపురు కింద పెట్టి, మళ్లీ తీసుకొని, మళ్లీ కింద పెట్టింది.

బుధు లెక్కేసుకున్నాడు. గీత గీసింది ఆగస్టులో. అంటే ఆగస్టు నుంచి ఈ మాట నేల కింద ఉంది. తను సున్నం మీద పాకుతూ సంతకం గురించి ఆలోచిస్తున్నప్పుడు కాలు వెనకాల ఇది రాసుకుంటూ వచ్చింది. ఫోను పెట్టుకున్నది ఆ కాలి మీదే. తను మాటలు విన్నాడు, కాలు పిల్లను విన్నట్టుంది. ఆగస్టు, సెప్టెంబరు, అక్టోబరు. ఎన్ని ఆదివారాలు ‘కడుపు నిండిందా’ అని అడిగాడో తలుచుకుంటే అతనికి తన గొంతు మీదే రోత పుట్టింది.

కొండ మీద కట్టిన వేదిక నుంచి పెద్దసారు మడిని చూశాడు. సోంబరు కట్టిన డోలీలో బుధును పైకి మోసుకొచ్చారు. కానీ కుర్చీలు అడ్డం పెట్టి, మడి కనబడకుండా దానికి వీపు తిప్పి కూర్చోబెట్టారు. వేదిక ముందు ఉన్నవాళ్లందరూ చదివారు. వరహాలరావు మెడ మీద చెమట కాలరులోకి దిగింది.

“అద్భుతం” అన్నాడు పెద్దసారు. “ఆకలి మీద ఇంత సూటిగా ఈ మధ్య ఎవరూ రాయలేదు. ప్రయోగమంటే ఇదీ.”

చప్పట్లు మోగాయి. వరహాలరావుకు ఊపిరి వచ్చింది. “నేనే దగ్గరుండి రాయించాను సార్” అన్నాడు.

“ఇది కవిత్వం కాదు బాబూ” అన్నాడు బుధు. “నా గుంట మాట. హాస్టల్లో ఉంది. నిజంగానే పురుగులు తింటంది.”

పెద్దసారు వంగి అతని భుజం మీద చెయ్యి వేశాడు. కళ్లు చెమర్చాయి కూడా. “అదే కదయ్యా కవిత్వం” అన్నాడు.

మళ్లీ చప్పట్లు. శాలువా కప్పారు. ఫోటోవాడు కాలు కనబడటం లేదని శాలువా పక్కకు లాగాడు. బుధు అర్జీ గురించి అడిగితే వరహాలరావు గొంతు తగ్గించి, “ఇవాళ సార్ మనసు బాగుంది, పాడుచెయ్యకు. రేపు చూద్దాం” అన్నాడు. కింద భోజనాల దగ్గర బేబికి ఆ అర్జీ దొరికింది. ఎవరో దాని మీద వెదురు చికెన్ ఎముకలు పోశారు. ‘దూరాభారం’ అన్న చోట పసుపు నూనె ఇంకి ఉంది. కొరికిన ఎముక ఒకటి దానికి అంటుకొని ఊడి రాలేదు.

ఆ సాయంత్రమే దిగువకు వెళ్లే పాసింజరు ఎక్కారు మొగుడూ పెళ్లాం. మర్నాడు రెండు బస్సులు మారి మధ్యాహ్నానికి బడి చేరారు.

“సంతకం లేకుండా పిల్లని పంపడం కుదరదు” అంది వార్డెన్ మేడమ్.

“పంపొద్దమ్మా” అన్నాడు బుధు. “దూరం నుంచి ఒచ్చేం. ఒక ముద్ద ఎట్టండి, తినేసి ఎల్లిపోతాం.”

పిల్లల బంతి చివర నేల మీద కూర్చున్నాడు. కాదనలేక ఒక కంచం పెట్టారు. అన్నం మీద చారు తేలింది, చారు మీద అవి తేలాయి. తెల్లగా, నల్ల తలకాయలతో, ఉడికి చాచుకొని ఉన్నాయి. బంతిలో ఎవరూ ముఖం చిట్లించలేదు. నూట యాభై మంది ఆడపిల్లలు తలలు వంచుకొని, రాళ్లేరినట్టు ఏరి, కంచం అంచున పెట్టి, తింటున్నారు. బుధు ఆ చేతుల నేర్పు చూశాడు. తన కంచంలోవి ఒక్కొక్కటే తీసి, మేడమ్ రిజిస్టరు దగ్గరకు లాక్కొని, తెరిచిన పేజీ మీద వరసగా పెట్టడం మొదలుపెట్టాడు. తొందరపడకుండా, గీత వంకర పోకుండా పెట్టాడు. పదిహేడోది పెడుతుంటే మేడమ్ లేచి, గేటు తియ్యమని ఆయాకు చెప్పింది.

చిట్టి పెట్టె పట్టుకొని వచ్చింది. పెదాలు పగిలిపోయాయి. జుట్టు కత్తిరించేశారు.

“నాను ఫోన్లో అన్లేదే. నీకెవలు సెప్పేరు?”

“కాలు.”

చిట్టి కాలి వంక చూసింది. “మరి ఇంత ఆలీసం ఏల సేసింది?”

“పూసేదాకా ఆగాల గదమ్మా” అన్నాడు బుధు. ఆ మాట చెప్పడానికి అతనికి సిగ్గేసింది.

బయటికి వెళ్లేముందు బంతిలోని పిల్లల ఊళ్లూ తండ్రుల పేర్లూ ఫోను నంబర్లూ అడిగి రాసుకున్నాడు. మేడమ్ చూస్తూనే ఉంది. ఇప్పుడు ఆదివారాలు ఆ నంబర్లకు ఫోన్లు చేస్తున్నాడు. కొందరు వెళ్లి పిల్లల్ని తెచ్చుకున్నారు. కొందరు, మంచి బడిని పాడుచేస్తున్నావు అని తిట్టి పెట్టేశారు.

మండలం బడిలో హెడ్మాస్టరు, కాగితాలు తర్వాత చూద్దాంలే అని చిట్టిని కూర్చోనిచ్చాడు. డిసెంబరు చివర వలిసె రేకులు రాలాయి. జనం రావడం మానేశారు. వాళ్ల గ్లాసులూ సీసాలూ బేబి గోనెల్లోకి ఎత్తింది. కోతకు ముందురోజు సోంబరు బీడీ వెలిగించుకొని కొండకేసి బయల్దేరితే చిట్టి ఆపింది.

“నాను ఎక్కుతాను సిన్నాన్నా.”

చాలాసేపు పైన నిలబడింది. కిందికి వచ్చి తండ్రి పక్కన అరుగు మీద కూర్చుంది. అరుగు ముందు, రేపు కోసే వలిసెలు కొట్టడానికి బేబి ఆ శాలువా పరుస్తోంది. జరీ వైపు కిందికి వేసి పరిచింది.

“ఏటుందమ్మా?”

“‘తిన్నావా’ అనుంది నాన్నా. ఇంకేటీ లేదు.”

అది కాలి వాటా కాదని, తన వాటాయేనని బుధుకు తెలిసింది. బేబి చోడి అంబలి తెచ్చి చిట్టి చేతికిచ్చింది. చిట్టి గిన్నెలో వేలు పెట్టి, అడుగు దాకా ఒకసారి కలియబెట్టి చూసింది. వేలు పైకి తీసి వెలుగులో చూసుకుంది. మళ్లీ ముంచి, ఇంకోసారి కలియబెట్టి చూసింది.

తర్వాత తాగింది.