నేతిబీర పాదు

నేతిబీర విత్తులు తొమ్మిదింటిలో నాలుగు పోయాయి. తప్పు సంపూర్ణమ్మదే. జనవరి నెలాఖరులో రెండు రోజులు ఎండ చురుక్కుమనేసరికి చలి పోయిందనుకుని పెరట్లో పాదు తవ్వి పెట్టేసింది. మూడో రోజు నుంచి వారంపాటు గోదావరి మీంచి మంచు దిగింది. మట్టి తీసి చూస్తే విత్తులు మెత్తబడిపోయి, వేలితో నొక్కగానే చితికాయి.

ఆ విత్తులు ఆమె చెల్లెలు ప్రిస్కిల్లా ఇచ్చినవి. నలభై ఏళ్ళు పక్కవీధిలో ఉన్న మనిషి, కిందటి దసరాకి కొడుకు దగ్గరికి జంగారెడ్డిగూడెం వెళ్ళిపోయింది. బస్సెక్కుతూ పొట్లం చేతిలో పెట్టి, "అక్కా, మొదటి కాయ కాశాక కబురు పెట్టు. పచ్చడి తినడానికి వస్తాను" అంది. బస్సెక్కి వెళ్ళినవాళ్ళు మళ్ళీ వస్తారన్న నమ్మకం సంపూర్ణమ్మకి ఏనాడూ లేదు. కాయ కాయకపోతే చెల్లెలు ఇక రాదని ఆమె మనసులో పడిపోయింది.

"కడియం నుంచి నారు తెప్పించనా అత్తయ్యగారూ?" అంది కోడలు తబిత.

"అది దాని తీగవుతుందా?"

"కాయని చూసి ఎవరి తీగో చెప్పేస్తారేంటండీ ఆవిడ?"

"చెప్పేస్తుంది. నీకు తెలీదు."

మిగిలినవి ఐదు. ప్రిస్కిల్లా ఏటా, ఈస్టరుకి ముందు ఉపవాసాలు మొదలయ్యే భస్మ బుధవారం నాడు లూథరన్ గుడి నుంచి వచ్చి, కట్టుకున్న చీర మార్చకుండానే పాదు పెట్టేది. అది సంపూర్ణమ్మ కళ్ళారా చూసిందే. గుడి క్యాలెండరు తీసింది. బడి మెట్లెక్కకుండా, పిల్లల వాచకాలు కూడబలుక్కుంటూ చదువు నేర్చుకున్న మనిషి. అచ్చులో ఉన్నదేదైనా రెండుసార్లు చదివితేగాని నమ్మదు. రెండుసార్లూ మార్చి ఐదే కనిపించింది. కిందటేడు ఫిబ్రవరి పద్నాలుగునే వచ్చింది. ఈసారి ఈస్టరు ఆలస్యంగా పడింది, దానితోపాటు బుధవారమూ జరిగింది. మార్చిలో పెడితే తీగ పందిరెక్కేసరికి ఎండలు ముదిరి పూత రాలిపోతుంది. ఇప్పుడే పెడదామంటే మంచు.

"ఆవిడకే ఫోన్ చెయ్యకూడదా?" అంది తబిత.

చేస్తే నాలుగు పోయిన సంగతి చెప్పాలి. నాలుగు రోజులు ఆగి, ఐదో రోజున చేసింది.

"నాలుగు కుళ్ళిపోయాయే."

అవతల ప్రిస్కిల్లా నవ్వింది. "తొమ్మిదీ పెట్టెయ్యలేదు, నయం! నీ కంగారు నాకు తెలీదా?"

"బుధవారం మార్చిలో వచ్చిందే. అందాకా ఆగనా?"

"బుధవారానికీ బీరకీ ఏంటక్కా సంబంధం? గుడికెళ్ళేముందు తలకి నూనె రాసుకునేదాన్ని. సీసాలో కొబ్బరినూనె గడ్డకట్టకుండా ఉంటే చలి పోయినట్టే. వచ్చి పాదు పెట్టేదాన్ని. గడ్డకట్టి ఉంటే ఆ రోజుకి మానేసేదాన్ని. మానేసిన ఏడు నువ్వు చూళ్ళేదు, అంతే."

"ఇన్నేళ్ళూ చెప్పలేదేం?"

"నువ్వడిగితేగా!"

మర్నాటి నుంచి సంపూర్ణమ్మ మొహం కడుక్కోకముందే కిటికీలోని నూనె సీసా చూడసాగింది. మొదట్లో అడుగుదాకా తెల్లగా గడ్డకట్టి ఉండేది. తరవాత గడ్డ సగానికి దిగింది. ఫిబ్రవరి పదిహేడున సీసా వంచితే నూనె నీళ్ళలా కదిలింది. ఆ మర్నాడూ అంతే. మూడో రోజు కూడా చూసుకుని పాదు పెట్టింది. నాలుగే పెట్టింది. ఐదోదాన్ని పొట్లం కట్టి బైబిలు అట్టలో దాచింది.

ఆరో రోజు పొద్దున మూడు మొలకలు మట్టిని ఎత్తుకుని పైకొచ్చాయి. నాలుగోది రాలేదు. దానికోసం మధ్యాహ్నం దాకా చూసి, అప్పుడు ఫోన్ చేసింది.

"మూడు మొలిచాయే."

"మంచిదే. ఇక కాయలు కాశాక చెప్పు, వస్తాను."

సంపూర్ణమ్మ మొలకల వంక చూసింది. కాయలంటే ఇంకా రెండు నెలలు. ఈలోపు ఎవరికేమవుతుందో.

"కాయలదాకా ఎందుకే, ఈ ఆదివారం రా. వచ్చేటప్పుడు పందిరికి నాలుగు వెదురు కర్రలు పట్రా."

"బస్సులో వెదురు ఎక్కనిస్తారేంటక్కా?"

"ఎక్కనివ్వకపోతే ఊరికే రా."