కంగారు చేస్తున్నారా?

ఆగస్టు తొమ్మిది. ముత్తక్కకు తారీఖులు గుర్తుండవు గానీ అది మాత్రం గుర్తుంది. ఆదివాసీ దినమని ఊరంతా డోలు మోగుతోంది. ఆమె జొన్నరొట్టెలో బోడకాకరకాయ కూర నంజుకుంటుండగా ఆటో వచ్చి ఆగింది. కోడలు దుర్గ దిగింది. చేతుల్లో పిల్ల లేదు.

"పిల్లేదే?"

"ఈడుంది అత్తా, లోపల," అని దుర్గ పైట తడిమింది.

నెలలు నిండకుండా పుట్టిన పిల్ల. ఇన్నాళ్ళూ దవాఖానాలో అద్దాల పెట్టెలో ఉంది. ఇంటికొచ్చినా ముత్తక్క చేతికి అందలేదు. దుర్గ పొద్దస్తమానం పిల్లను రవికలోపలే కట్టుకుంటుంది. కొడుకు రాంబాబు చేనునుంచి వస్తూనే చొక్కా విప్పి, గోడకానుకుని, అదే పని. కట్టిన ఉయ్యాల ఖాళీగా ఊగుతోంది.

ముత్తక్క మనసును పురుగు తొలిచింది. చెయ్యో కాలో లేదేమో. ఆ పెట్టెలోనే పిల్లను మార్చేశారేమో.

"ఏం దాస్తున్నవే?"

"దాసుడేంది అత్తా? సలి తగలొద్దన్నరు."

"నీ మొగుడు ఇప్పచెట్టు కింద పుట్టిండు. వాణ్ణెవరు రవికెల కట్టుకున్నరు?"

"అందుకే అట్ల తయారైండు," అంది దుర్గ. ముత్తక్కకు నవ్వు రాలేదు.

ఒకరోజు ముసురు పట్టింది. దుర్గ స్నానానికి పోతూ పిల్లను అత్త చేతికిచ్చింది. "ఛాతికి ఆనించి పట్టుకో. కింద పెట్టకు."

కోడలు అటు పోగానే ముత్తక్క పిల్లను చాప మీద పడుకోబెట్టింది. టోపీ, బట్టలు విప్పింది. వేళ్ళన్నీ ఉన్నాయి. చెవి వెనక మచ్చ కూడా అచ్చం రాంబాబుదే. ఇంకెక్కడైనా ఏదైనా ఉందేమోనని తిప్పి తిప్పి చూస్తుంటే దుర్గ ఫోను మోగింది. ఎత్తి, "ఎవలూ?" అంది.

"దవాఖానా నర్సుని పెద్దమ్మా. కంగారు చేస్తున్నారా?"

ముత్తక్క ఒళ్ళు మండింది. కంగారు పెట్టి మళ్ళీ దవాఖానాకు గుంజే ఎత్తు ఇది!

"మాకేం కంగారు లేదు తల్లీ. సల్లగున్నం."

"ఏంది, పాప సల్లగుందా? అరికాళ్ళు ముట్టుకో!"

ముట్టుకుంది. వాగులో రాయిలా ఉన్నాయి. పిల్ల ఏడవను కూడా లేదు. ఇందాక బట్టలు విప్పుతుంటే అది బుద్ధిగా ఉందనుకుంది.

"సల్లగనే ఉన్నయి..." ముత్తక్క ఆ కాళ్ళను గుప్పిట్లో పట్టుకుంది.

"జల్దీ టోపీ పెట్టి, నీ రవికెలోపల ఛాతికి ఆనించుకో. పైన దుప్పటి కప్పు. కంగారంటే భయపడుడు కాదు పెద్దమ్మా. పిల్లను పొట్టసంచిలో మోసే జంతువు పేరు. దానిలెక్క మీరూ మోయాలె."

నర్సు తిట్టలేదు. ఫోనూ పెట్టెయ్యలేదు. ముత్తక్క రవికలో పిల్ల అరికాళ్ళకు నిదానంగా వేడొచ్చింది. పిల్ల నోరు తెరిచి పాలకోసం తడుముకుంది. దుర్గ తడిజుట్టుతో వచ్చి, ఫోను అందుకుని అంతా విన్నది. చాప మీది బట్టలు చూసింది. పిల్లను అందుకుని పాలివ్వడానికి కూర్చుంది.

పాలు తాగిన పిల్ల మళ్ళీ ముత్తక్క రవికలోకే చేరింది. పొద్దుగూకాక రాంబాబు వచ్చాడు. "ఇటియ్యే అమ్మా."

"తడి చేతులతోని రాకు. ముందు బువ్వ తిను." ముత్తక్క దుప్పటి ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. "అది సరే గానీ, మనింట్ల పిల్ల సల్లబడ్డ సంగతి ఆ నర్సుకెట్ల తెలిసిందిరా? ఫోన్లకెల్లి కనబడ్తదా?"

"నువ్వే చెప్పినవ్ గద అత్తా, సల్లగున్నమని," అంది దుర్గ.

"నేనట్ల చెప్పలే," అంది ముత్తక్క అనుమానంగా ఫోను వైపు చూస్తూ.

ముసురుగాలి లోపలికి కొడుతోంది. దుర్గ లేచి, పిల్ల ఉలిక్కిపడకుండా మెల్లగా తలుపు మూసింది.